తమ్ముడి బొటనవేలు, ఈఎస్ఐ వైకల్య భృతి: మా అనుభవం మీద సమీక్ష

2022లో జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో పవర్ ప్రెస్ మీద పనిచేస్తుండగా మా తమ్ముడి కుడిచేతి బొటనవేలు మొదలంటా తెగిపోయింది. అప్పటికి అతని వయసు 35 ఏళ్లు. ఆనాటి నుంచి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) శాశ్వత వైకల్య భృతి కోసం అర్జీలు రాయడం, కాగితాలు కూర్చడం, కార్యాలయానికి తిరగడం నా బాధ్యత అయింది కనుక, ఆ సేవ ఎంతవరకు అక్కరకు వచ్చిందో, ఎక్కడ మమ్మల్ని బాధపెట్టిందో రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. అనారోగ్య భృతి కావాలంటే ఈఎస్ఐకి 78 రోజుల చందా కట్టి ఉండాలి కానీ, పనిలో జరిగిన ప్రమాదానికి అటువంటి షరతేమీ లేదు; ఉద్యోగంలో చేరిన తొలిరోజే చెయ్యి నలిగినా హక్కు ఉంటుంది. గాయం మానేవరకు సగటు దినవేతనంలో 90 శాతం చొప్పున తాత్కాలిక భృతి మా తమ్ముడి ఖాతాలో పడింది. ఆ తరువాత సంపాదన శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే 14, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 అని చట్టంలోని పట్టికే చెబుతున్నందువల్ల మేము ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాలేదు. పట్టికలో లేని వెన్ను గాయం వంటివాటికి మాత్రం బోర్డు అంచనాయే ఆధారం. అది తక్కువనిపిస్తే మూడు నెలల్లోగా మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

బోర్డు పిలుపు రావడానికి మాకు ఏడు నెలలు పట్టింది. తాత్కాలిక భృతి ఆగిపోయి, శాశ్వత భృతి ఇంకా మొదలుకాని ఆ నెలల్లో ఇంట్లో అప్పు పెరిగింది. బకాయి మొత్తం తరువాత ఒకేసారి చేతికొచ్చిన మాట నిజమే అయినా, అద్దె, పిల్లల బడి ఫీజు ఆ బకాయి వచ్చేదాకా ఆగవు కదా. ఈ సేవలో నేను క్షమించలేని లోపం ఇదే.

అసలు దెబ్బ మాత్రం మరొక చోట తగిలింది. భృతిని లెక్కగట్టేది కార్మికుడు తెచ్చుకున్న జీతం మీద కాదు, యజమాని చందా కట్టేటప్పుడు చూపించిన జీతం మీద. మా తమ్ముడికి ఓవర్‌టైమ్‌తో కలిపి నెలకు 18,000 రూపాయలు అందేవి. ఓవర్‌టైమ్ మీద కూడా చందా కట్టవలసి ఉన్నా, యాజమాన్యం 12,000 మాత్రమే చూపించింది. దాంతో సగటు దినవేతనం 600కు బదులు 400 అయింది, అందులో 90 శాతం 360, దానిలో 30 శాతం 108. అంటే రోజుకు 162 రూపాయలు రావలసిన చోట 108 వస్తున్నాయి. తన ఐపీ నంబరుతో (బీమా ఉన్న కార్మికుడికి ఇచ్చే సంఖ్య) ఈఎస్ఐ పోర్టల్‌లోకి వెళ్లి ఏ నెలకు ఎంత జీతం చూపించారో ప్రమాదానికి ముందే ఒక్కసారి చూసుకుని ఉంటే ఇది బయటపడేది. ఆ సంగతి మాకు చెప్పినవారు లేరు.

ఇంత జరిగినా ఈ పథకం వద్దని నేను అనను. ఈఎస్ఐ పరిధిలో లేని కార్మికులకు అప్పట్లో 1923 నాటి పరిహార చట్టం వర్తించేది. దాని ప్రకారం 15,000 గరిష్ఠ వేతనంలో 60 శాతాన్ని 35 ఏళ్ల వయసుకు నిర్ణయించిన గుణకం 197.06తో గుణించి, అందులో 30 శాతం తీస్తే 5,32,062 రూపాయలు ఒకేసారి వచ్చేవి. ఆ మొత్తం ఎంత పెద్దదిగా కనిపించినా, తగ్గించి లెక్కగట్టిన మా తమ్ముడి భృతి సైతం పద్నాలుగేళ్లు నిండకముందే దాన్ని దాటుతుంది, ఆపైన కూడా జీవితాంతం వస్తుంది. ధరలను బట్టి అప్పుడప్పుడూ పెంచుతారు కూడా. పైగా మళ్లీ పనిలో చేరినంత మాత్రాన ఈ భృతి ఆగదు. మా తమ్ముడు ఇప్పుడు మరో కర్మాగారంలో స్టోర్స్ చూసుకుంటూ జీతమూ, భృతీ రెండూ తీసుకుంటున్నాడు. వైకల్యం వల్ల ఉద్యోగమే మానుకోవలసి వచ్చినవారికి ఏడాదికి 120 రూపాయలు కడితే తమకూ, జీవిత భాగస్వామికీ పదవీ విరమణ వయసు వరకు వైద్యం కొనసాగుతుంది. ఈ సదుపాయం గురించి డిస్పెన్సరీలో వరుసలో నిలబడిన చాలామందికి తెలియదని గమనించాను.

పథకం రూపకల్పనకు అయిదుకు నాలుగున్నర, అమలుకు రెండు మార్కులు ఇస్తాను. జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, ఓవర్‌టైమ్ చీటీలు జతచేసి, అసలు వేతనం మీద భృతిని సవరించాలని అర్జీ పెట్టి ఏడాది దాటింది. జవాబు కోసం నెలకొకసారి వెళ్లి అడుగుతూనే ఉన్నాను. తేడా నెలకు 1,620 రూపాయలు. మా తమ్ముడు బతికినన్నాళ్లూ ప్రతి నెలా తగ్గే 1,620 రూపాయలు.