అమెరికా ఆర్మీ బేసిక్ ట్రైనింగ్: ఇంటివాళ్లకు ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు

ఆర్మీలో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే తొలి శిక్షణే బేసిక్ ట్రైనింగ్; కాగితం మీద పది వారాలని ఉంటుంది. ఇంటివాళ్లు మాత్రం పదకొండో పన్నెండో లెక్కేసుకోవాలి. అసలు ట్రైనింగ్‌కు ముందు రిసెప్షన్ బెటాలియన్ అని ఒకటుంది. జుట్టు కత్తిరించడం, టీకాలు, కళ్లూ పళ్లూ చూడటం, యూనిఫాం, జీతం కాగితాలు అన్నీ అక్కడే అవుతాయి. కొందరికి నాలుగు రోజుల్లో తెములుతుంది, కొందరికి వారం దాటుతుంది. ఆ రోజులు పది వారాల్లో కలవవు. ఈ శిక్షణ ఇచ్చే స్థావరాలు ఫోర్ట్ జాక్సన్, ఫోర్ట్ సిల్, ఫోర్ట్ లెనర్డ్ వుడ్, ఫోర్ట్ బెన్నింగ్ నాలుగింటిలోనూ ఇదే వరస. బెన్నింగ్‌లో ఇన్‌ఫాంట్రీకి (పదాతి దళానికి) వెళ్లేవాళ్లకు మాత్రం బేసిక్, ఆ పై శిక్షణ కలిపి ఒకేచోట 22 వారాలు.

ఇంటికీ ట్రెయినీకీ మధ్య ఆర్మీ కొన్ని దారులు తెరిచి ఉంచుతుంది. వాటిలో అన్నిటికన్నా నమ్మకం లేనిది ఫోన్. చేరిన రోజో మర్నాడో ఒక కాల్ వస్తుంది. కాగితం చూసి చదివినట్టు ఉంటుంది: క్షేమంగా చేరాను, అడ్రసు తర్వాత పంపుతాను, ఉంటాను. నిమిషం కూడా పట్టదు. గొంతు బిగుసుకుపోయిందని, ఏదో దాస్తున్నాడని కంగారు పడకండి. వెనక పెద్ద వరస నిలబడి ఉంటుంది, శిక్షణ ఇచ్చే డ్రిల్ సార్జెంట్ పక్కనే ఉంటాడు. ఆ తర్వాత ఫోన్లు తీసుకుని తాళం వేసేస్తారు. మళ్లీ ఎప్పుడు ఇస్తారన్నది కంపెనీని (ట్రెయినీ ఉండే దళాన్ని) బట్టి ఉంటుంది. ఒకచోట ఆదివారం కొన్ని నిమిషాలిస్తారు, ఇంకోచోట వారాల తరబడి ఇవ్వరు. పక్క కంపెనీ పిల్లలతో పోల్చుకుని మనసు పాడుచేసుకోవద్దు. ఆ కాల్ తెలియని నంబరు నుంచి కూడా రావచ్చు. తెలియని నంబర్లను సైలెంట్ చేసే సెట్టింగు తీసేయండి, వాయిస్‌మెయిల్ నిండిపోకుండా చూసుకోండి. ఈ రెండు చిన్న పనులు చెయ్యకే చాలా ఇళ్లలో ఆ ఒక్క కాలూ తప్పిపోతుంది.

నిజంగా పనిచేసేది ఉత్తరం. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని తీసిపారేయకండి. అయితే కవరు మీద పేరు దగ్గరే తెలుగువాళ్లకు చిక్కొస్తుంది. ప్లటూన్‌లో (కంపెనీలోని చిన్న జట్టులో) ఉత్తరాలు పంచేది లాస్ట్ నేమ్ పిలిచి. ఛాతీ మీద కుట్టే పట్టీ మీద ఉండేదీ అదే. మనకేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, సొంత పేరు ఇంకోచోట తారుమారై ఉంటాయి. ఇంట్లో పిలిచే పేరుతోనో, మీరు సరి అనుకున్న వరసతోనో రాస్తే కవరు ఎవరిదో తెలియక తిరుగుతుంది. చేరేటప్పటి కాగితాల్లో లాస్ట్ నేమ్ అని ఏది ఉందో అదే రాయండి. దాని కింద ప్లటూన్ నంబరు, కంపెనీ అక్షరం, బెటాలియన్, రెజిమెంట్ అంకెలు, వీధి, ఊరు, జిప్. వాళ్లు పంపిన అడ్రసును ఉన్నదున్నట్టు దించండి. ప్లటూన్ నంబరు వదిలేస్తే కంపెనీలో ఉన్న మందిలో వెతుక్కోవాల్సి వస్తుంది.

కవరు తెల్లదే వాడండి. రంగు కాగితాలు, స్టిక్కర్లు, మెరుపులు అంటిస్తే అందరి కళ్లూ దాని మీదే పడతాయి, ఆ ముచ్చటకు మీవాడు పుషప్‌లు తియ్యాల్సి రావచ్చు. లోపల తినేవి, మాత్రలు, పత్రికలు పెట్టొద్దు. అనుమానం వస్తే కవరు ఎదురుగా విప్పిస్తారు, పనికిరానివి తీసేస్తారు. ఉత్తరం తెలుగులో రాసుకోవచ్చు. ఒకటి, రెండు అని మూలన నంబరు వెయ్యండి, ఎందుకంటే అవి వరసగా చేరవు. ప్రతి కవరులో స్టాంపు అంటించిన ఖాళీ కవరొకటి మడిచి పెట్టండి. అక్కడ కరువయ్యేవి స్టాంపులే, రాసుకునే తీరిక అంతకన్నా కరువు. ఊళ్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మ ఇండియా నుంచి పోస్టు చేస్తే చాలా ఆలస్యమవుతుంది. వాళ్ల మాటలు వాట్సాప్‌లో తెప్పించుకుని, అమెరికాలో ఉన్నవాళ్లు ప్రింటు తీసి పంపడం మేలు.

ఫోన్‌లో టైపు చేస్తే అచ్చువేసి పంపే శాండ్‌బాక్స్ లాంటి యాప్‌లున్నాయి. మామూలు పోస్టుకన్నా త్వరగా వెళతాయి, జవాబు రాయడానికి కవరు కూడా జతచేస్తారు. ప్రతిదానికీ డబ్బు కట్టాలి. అడ్రసు దొరికిన మొదటి వారం వాటిని వాడుకుని, తర్వాత చేత్తో రాయడం మంచిది. రాత్రి దీపాలార్పే ముందు మళ్లీ మళ్లీ తీసి చదువుకునేది చేతిరాతనే.

ఒక్క హెచ్చరిక. మొదట వచ్చే ఉత్తరాల్లో ఏడుపు ఉంటుంది, తీసుకెళ్లిపొమ్మని కూడా ఉండొచ్చు. అది మీ చేతికొచ్చేసరికి రాసి వారం అయ్యుంటుంది, ఆ మనసు అప్పటికే మారి ఉంటుంది. దాన్ని పట్టుకుని, ఆర్మీలో చేర్చుకున్న రిక్రూటర్‌కు ఫోన్ చేయొద్దు. ఓదార్చుతూ జవాబు రాయండి. హామర్, యాన్విల్, ఫోర్జ్ అనే ఫీల్డ్ ఎక్సర్‌సైజులు జరిగే రోజుల్లో అసలేమీ రాదు. నాలుగు రోజుల ఫోర్జ్ చివర్లో ఉంటుంది. శాకాహారులైన పిల్లల గురించి అమ్మలు అడుగుతుంటారు: ఫీల్డులో ఇచ్చే ఎమ్‌ఆర్‌ఈ (వండకుండానే తినే భోజనం) పొట్లాలు 24 రకాలు, వాటిలో శాకాహారం నాలుగే. కోరుకున్నది చేతికొస్తుందని గ్యారంటీ లేదు.

ఇంట్లో ఎవరైనా చనిపోయినా, ప్రాణాపాయంలో ఉన్నా ఆ అత్యవసర కబురు పంపే దారి బాగుంది. అమెరికన్ రెడ్ క్రాస్ 877-272-7337, రోజంతా పలుకుతుంది. ట్రెయినీ పూర్తి పేరు, పుట్టినతేదీ, యూనిట్ అడ్రసు, ఆస్పత్రి పేరు, డాక్టర్ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని చెయ్యండి. వాళ్లు నిజమని నిర్ధారించుకుని కమాండర్‌కు తెలియజేస్తారు. సెలవు ఇవ్వాలో వద్దో కమాండర్‌దే నిర్ణయం. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల విషయంలో మామూలుగా ఇస్తారు. నానమ్మ, తాతయ్యల విషయంలో, వాళ్లే పెంచి ఉంటే తప్ప, కష్టం. ఇది ముందే తెలిసి ఉంటే ఆ రోజు ఇంకో దెబ్బ తగలదు.

డబ్బు విషయం మధ్యస్తం. జీతం 1న, 15న పడుతుంది కానీ మొదటిది ఒక విడత వెనక్కి జరగడం మామూలే. కాబట్టి రెండు నెలల అద్దె, కారు కిస్తీ ముందే చూసుకోండి. బయల్దేరే ముందు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవాలి. పెళ్లయినవాళ్లయితే మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తీసుకెళ్లాలి. అవి తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కావాలి. ఇవి లేకపోతే డీర్స్‌లో (సైనికుల, వాళ్ల కుటుంబాల వివరాల జాబితాలో) నమోదు ఆగుతుంది, దానితోపాటే ట్రైకేర్ అనే సైనిక ఆరోగ్య పథకం కింద దొరికే వైద్యం కూడా. రిసెప్షన్‌లో ఎస్‌జీఎల్‌ఐ అనే సైనికుల జీవిత బీమా కాగితం నింపాలి, గరిష్ఠంగా 5 లక్షల డాలర్లు. నామినీల పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసిచ్చి పంపండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకుంటే ఆ ఫోన్ తాళంలో ఉంటుంది.

ఇక గ్రాడ్యుయేషన్. ఈ పది వారాల్లో ఆర్మీ ఇంటివాళ్ల కోసం చేసే పనుల్లో అన్నిటికన్నా బాగా చేసేది ఇదే. ఫోర్ట్ జాక్సన్‌లో మామూలుగా బుధవారం ఫ్యామిలీ డే, గురువారం హిల్టన్ ఫీల్డ్‌లో పరేడ్. కాలు విరిగినా, జ్వరమొచ్చినా, పరీక్ష తప్పినా వెనక బ్యాచ్‌లోకి పంపుతారు, దాన్ని రీసైకిల్ అంటారు. అప్పుడు గ్రాడ్యుయేషన్ తేదీ వెనక్కి జరుగుతుంది. డిసెంబరులో రెండు వారాలు హాలిడే బ్లాక్ లీవ్ వచ్చినా అంతే. అందుకని రద్దు చేసుకోగలిగిన టికెట్లే కొనండి. గేటు దగ్గర పెద్దవాళ్లందరికీ రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాలకు సరిపోయే అమెరికా గుర్తింపు కార్డు) లాంటి గుర్తింపు కావాలి. ఇండియా పాస్‌పోర్టుతో వచ్చే తల్లిదండ్రుల ప్రవేశం గురించి కొన్ని వారాల ముందే విజిటర్ సెంటర్‌లో అడగండి.

ఫ్యామిలీ డే నాడు సైనికులు కదలకుండా నిలబడి ఉంటారు. ఇంటివాళ్లు వెళ్లి భుజం తట్టాకే కదులుతారు. అందరూ ఒకే బట్టల్లో, ఒకే క్రాఫుతో, బరువు తగ్గి ఉంటారు. గుర్తుపట్టడం కష్టం, ఛాతీ మీద పట్టీ చూసుకుంటూ వెళ్లండి. ఎవరూ రాని కుర్రాడు మీ పక్కనే నిలబడి ఉంటే అతని భుజం కూడా తట్టండి. చాలామంది మర్నాడో ఎల్లుండో ఏఐటీకి (బేసిక్ తర్వాత ఉద్యోగ శిక్షణకు) బస్సెక్కుతారు, కాబట్టి బంధువుల పలకరింపులు తగ్గించి నిద్రపోనివ్వండి. ఫోన్ తిరిగి చేతికొచ్చేసరికి అందులో ఛార్జింగ్ ఉండదు. ఛార్జరు మీ సంచిలో పెట్టుకోండి.