ఏలూరు రోడ్డులో కొన్న కసాగు, గసాభా వర్క్‌బుక్: 3 స్టార్లు

మా అమ్మాయి ఆరో తరగతి, ఈ కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం, ఎల్‌సీఎం), గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం, హెచ్‌సీఎఫ్) దగ్గర తెగ తికమక పడుతోందని విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులన్నీ తిరిగి ఇది తీసుకున్నా. 180 రూపాయలు, షాపాయన పైసా తగ్గించలేదు.

మొదలెట్టిన పద్ధతి మాత్రం చాలా నచ్చింది. రాసినాయన సూత్రం బట్టీ పట్టించకుండా 12వ ఎక్కం, 18వ ఎక్కం పక్కపక్కన రాయించి రెండింట్లోనూ ఉన్నవాటికి సున్నా చుట్టమంటాడు, 36, 72, 108 అలా వస్తాయి, వాటిల్లో చిన్నదే కసాగు అని పిల్లలకి మనం చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే 12 అంటే 2×2×3, 18 అంటే 2×3×3 అని విడగొట్టి, కామన్‌గా ఉన్న 2, 3 గుణిస్తే 6, అదీ గసాభా అని చూపిస్తాడు. పెద్ద నంబర్లకి భాగహార పద్ధతి కూడా నీట్‌గా ఉంది: 132ని 84తో భాగిస్తే 48 మిగులు, 84ని 48తో అయితే 36, 48ని 36తో అయితే 12, 36ని 12తో భాగిస్తే ఇంకేం మిగల్లేదు, సో గసాభా 12. ప్రాచీన గ్రీకు లెక్కల పండితుడు యూక్లిడ్ కాలం నాటి పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించిన షార్ట్‌కట్ లేదు అంటాన్నేను.

లెక్కలే మరీ పాతవి, ఎంతసేపూ గంటలు మోగడం, రిబ్బన్లు కత్తిరించడం. నేనే మార్చి ఇచ్చా. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు కదా తల్లీ, సమానంగా ఎన్ని రకాలుగా గ్రూపులు చెయ్యొచ్చు అంటే 1, 2, 5, 7, 10, 14, 35, 70 అని కారణాంకాలన్నీ టకటకా రాసేసింది.

పేపర్ దరిద్రం. 1 నుంచి 100 గడుల్లో ప్రధాన సంఖ్యలు వదిలేసి మిగతావి స్కెచ్ పెన్‌తో కొట్టెయ్యమన్నాడు, కొట్టేస్తే ఇంకు అవతల పేజీకి దిగి అక్కడి లెక్కలు కనపడి చావట్లేదు.

అసలు కోపం వచ్చింది ఇంకో దానికి. రెండు సంఖ్యల లబ్ధం వాటి కసాగు, గసాభాల లబ్ధానికి సమానం, కరెక్టే, 12×18 అన్నా 6×36 అన్నా 216. కానీ ఈ మహానుభావుడు అదే సూత్రం మూడు సంఖ్యలకీ వాడేశాడు. 4, 6, 8 గుణించి గసాభా 2తో భాగించి కసాగు 96 అని వెనక జవాబు వేశాడు. 24లోనే 4, 6, 8 మూడూ పోతాయి కదండీ! మా పిల్ల 24 అని కరెక్ట్‌గా వేసి, వెనక చూసి కొట్టేసి 96 రాసుకుంది, అదీ నా బాధ. షాపులో అడిగితే ప్రింటు వాళ్లది సార్, మాకేం తెలుస్తుంది అన్నారు.

ఎక్కాల చాప్టర్ల కోసమైతే కొనొచ్చు. కొనేముందు వెనక జవాబుల్లో 4, 6, 8 లెక్క వెతకండి, 96 అని ఉంటే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి.