ఇన్‌క్లినోమీటర్ రీడింగులతో బ్యాక్ అనాలిసిస్: చాలాకాలం వాడాక నా మాట

సింగపూర్ మెరైన్ క్లేలో (సముద్రపు మెత్తటి బంకమట్టిలో) లోతైన తవ్వకాలకు, ఇన్‌క్లినోమీటర్ (ఏ లోతులో ఎంత వంపు వచ్చిందో కొలిచే పరికరం) రీడింగుల నుంచి మట్టి గుణాలను వెనక్కి లెక్కగట్టే ఈ పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి సూటిగా చెప్తా: మట్టి స్టిఫ్‌నెస్ (భారం పడితే ఎంత తక్కువ కదులుతుందో) తేల్చుకోవడానికి దీన్ని మించింది లేదు, స్ట్రెంగ్త్ (ఎంత భారానికి విఫలమవుతుందో) విషయంలో మాత్రం దీని మీద భారం వేయకండి.

బోర్‌హోల్ నుంచి శాంపిల్ పైకి తీసేటప్పుడే మెత్తటి బంకమట్టి చెదిరిపోతుంది, అందుకే ల్యాబ్ ఇచ్చే స్టిఫ్‌నెస్ నేలలో ఉన్నదానికంటే తక్కువే వస్తుంది. తవ్వుతున్న కొద్దీ చుట్టూ మట్టిని ఆపే గోడ ఎంత వంగిందో కొలిచి, కంప్యూటర్ మోడల్‌లో కూడా అదే వంపు వచ్చేదాకా విలువలు సవరించి, వాటితో తర్వాతి దశను ముందే లెక్కగట్టుకోవడమే మనం చేసేది. మట్టి ఇంజినీరు పెక్ 1969లో రాంకిన్ లెక్చర్‌లో వివరించిన అబ్జర్వేషనల్ మెథడ్‌కి (కొలతలు చూసుకుంటూ డిజైన్ సవరించుకునే పద్ధతికి) ఇది కొనసాగింపే. ఇప్పుడు బేసియన్ అప్‌డేటింగ్ (కొత్త కొలత వచ్చినప్పుడల్లా సంభావ్యతతో అంచనాను సవరించడం) పెడితే ఒక్క అంకెకు బదులు ఒక పరిధి వస్తుంది, నాకు నచ్చింది అదే, ఎందుకంటే మొదటి రెండు దశల్లో పై పొరల పరిధి చకచకా తగ్గిపోతుంది గానీ కింది మెరైన్ క్లేది ఉన్నచోటే ఉంటుంది, అంటే దాని గురించి మీ దగ్గర ఇంకా కొత్త సమాచారమేమీ లేదని గ్రాఫే చెప్పేస్తుంది.

అసలు తలనొప్పి ఏంటంటే, ఒకే వంపుకి చాలా జవాబులు సరిపోతాయి. మట్టి మెత్తగా ఉన్నా, గోడ కాంక్రీటు పగుళ్లిచ్చి బలహీనపడినా, గట్టు మీద క్రేన్ నిలబెట్టినా గ్రాఫ్ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. స్ట్రట్ (గోడల మధ్య అడ్డంగా ఆనించే ఉక్కు దూలం) లోడ్లు, పీజోమీటర్లు (మట్టిలోని నీటి ఒత్తిడి కొలిచేవి) కలిపి చూస్తేనే ఏది నిజమో కొంత తేలుతుంది. స్ట్రట్ రీడింగు మాత్రం తెల్లవారుజామునే తీయించండి, మధ్యాహ్నం ఎండకి ఉక్కు సాగి లోడ్ ఊరికే పెరిగినట్టు చూపిస్తుంది.

సింగపూర్‌లో నికోల్ హైవే ప్రమాదం గుర్తుంది కదా. 2004 ఏప్రిల్ 20న సర్కిల్ లైన్ మెట్రో తవ్వకం దాదాపు 30 మీటర్ల లోతులో కూలి నలుగురు చనిపోయారు. బంకమట్టి స్ట్రెంగ్త్‌ని ఎక్కువ చూపించే లెక్క, స్ట్రట్‌కీ వేలర్‌కీ (గోడ వెంబడి ఉండే, స్ట్రట్లు ఆనే దూలానికి) మధ్య బలహీనమైన జాయింటు, వీటికితోడు కొలతలకు గ్రాఫ్ సరిపెట్టే బ్యాక్ అనాలిసిస్‌తో హద్దులు పెంచుకుంటూ పోవడం కూడా విచారణలో బయటపడింది. గ్రాఫ్ సరిపోయిందంటే చాలనుకునే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇక పరికరం సంగతి. ప్రోబ్‌ని (వంపు కొలిచే భాగాన్ని) కేసింగ్ (అది దిగే గొట్టం) అడుగుకి దించాక వెంటనే చదవకండి, అక్కడి నీటి ఉష్ణోగ్రతకి అలవాటు పడేదాకా ఆగండి. ఆ తర్వాత అర మీటరుకోసారి కేబుల్ గుర్తు దగ్గర ఆపుతూ చదివి, ప్రోబ్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చదవాలి. రెండింటి మొత్తం లోతంతా ఇంచుమించు ఒకేలా రావాలి, రాకపోతే ఆ రోజు డేటాని మోడల్ దాకా తీసుకెళ్లకండి. కేసింగ్ అడుగు గట్టి నేలలోకి దిగకపోతే అడుగు కూడా జరుగుతుంది, అప్పుడు పైభాగం సర్వే లేకుండా ఏ లెక్కా నిలబడదు.

హైదరాబాద్‌లో గ్రానైట్ కోసి బేస్‌మెంట్లు వేసేవాళ్లు అడుగుతుంటారు, మాకూ పనికొస్తుందా అని. పైనున్న మొరం వరకైతే సరే. కింద రాయిలో పట్టు తప్పేది చీలికల వెంబడి, జారేదాకా ఇన్‌క్లినోమీటర్‌లో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. అక్కడ ఆ డబ్బుతో, తవ్విన ప్రతి ముఖాన్నీ దగ్గరుండి చూసి చీలికల వాలు రాసుకునే జియాలజిస్టును పెట్టుకోండి.