పక్కన ఎవరున్నారు? నల్లజాతి సూపర్‌హీరోల కామిక్స్ ఇరవై ఎనిమిదేళ్ళు చదివాక

నా దగ్గర అట్ట లేని కామిక్ పుస్తకం ఒకటుంది. 1997లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, ఎంసెట్ గైడ్ల కింద దొరికింది. ఐదు రూపాయలు. తెరవగానే పసుపు చొక్కా వేసుకున్న నల్లజాతి మనిషి, నడుముకి బెల్టు బదులు లావుపాటి ఇనప గొలుసు. పేరు ల్యూక్ కేజ్. అంతకుముందు నేను చదివినవన్నీ ఇంద్రజాల్ కామిక్స్. వాటిలో ఫాంటమ్ అనే తెల్లదొర అడవిలో పుర్రె సింహాసనం మీద కూర్చుంటాడు, చుట్టూ ఉన్న నల్లవాళ్ళు ఆయన మాట వింటారు. పురాణాల బొమ్మల పుస్తకాల్లోనైతే నల్లగా, కోరలతో ఉన్నవాడు రాక్షసుడే. బళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళ కంటే ‘నల్లోడా’ అని పిలిచినవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ గొలుసు మనిషిని చూసి ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అమెరికాలో నల్లజాతివాళ్ళు పడ్డది, మన ఇళ్ళలో ఉండే రంగు పట్టింపు ఒకటి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం అవేవీ తెలియవు.

2007లో ఉద్యోగం మీద అమెరికాలోని జెర్సీ సిటీ వచ్చాను. ఇక్కడి లైబ్రరీలో కామిక్స్‌కి విడిగా అరలుంటాయి. దొరికింది దొరికినట్టు చదివాను, కొన్నింటిని కొనుక్కుని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళకి నా దగ్గర మిగిలిన కొలత ఒక్కటే. హీరో నల్లవాడా కాదా అని చూడను. అతని పక్కన ఇంకా ఎంతమంది నల్లవాళ్ళున్నారు, వాళ్ళకి పేర్లున్నాయా, వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటారా అని చూస్తాను. కథలో ఒక్కడే ఉంటే వాడు తప్పు చేయడానికి వీల్లేదు, జాతి మొత్తం పరువు వాడి నెత్తినే ఉంటుంది. పదిమంది ఉంటే ఒకడు పిరికివాడు కావచ్చు, ఒకడు పిసినారి కావచ్చు, ఒకమ్మాయికి నోటి దురుసు ఉండొచ్చు.

బ్లాక్ పాంథర్‌తో మొదలుపెడతాను. 1966 జులై తేదీతో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ 52వ సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ అతన్ని తెచ్చారు. అమెరికాలో నల్లజాతివాళ్ళ ఓటు హక్కుని కాపాడే చట్టం వచ్చి అప్పటికి ఏడాది. అతను వకాండా అనే కల్పిత ఆఫ్రికా దేశానికి రాజు. ఆ కథలో ఫెంటాస్టిక్ ఫోర్ జట్టులోని నలుగురు హీరోలని అతిథులుగా పిలిచి, ఒక్కడే నలుగురినీ ముప్పుతిప్పలు పెడతాడు. పైకి చూస్తే అడవి, ఆకులు తీగలు అనుకున్నవి యంత్రాలు. ఫాంటమ్ అడవి చదివి పెరిగిన నాకు ఆ పేజీలు చూస్తుంటే ఒళ్ళు పులకరించింది. అయితే అట్ట మీద అతని ముఖం మొత్తం ముసుగులోనే ఉంటుంది. కిర్బీ మొదట గీసిన అట్టలో సగం ముఖం, చర్మం రంగు కనిపించేవి. దాన్ని మార్చేశారు. అంతకు మూడేళ్ళ ముందు, 1963లో, సార్జంట్ ఫ్యూరీ మొదటి సంచికలో గేబ్ జోన్స్ అనే నల్లజాతి సైనికుడికి అచ్చులో తెల్లవాళ్ళ గులాబీ రంగు పడిపోయింది. అతనికి వేసిన ముదురు రంగు పొరపాటేమో అనుకుని అచ్చు దగ్గర సరిదిద్దేశారట!

తర్వాత పాంథర్ అవెంజర్స్ అనే హీరోల జట్టులో చేరి, తెల్లవాళ్ళ మధ్య ఒక్కడైపోయాడు. వచ్చినప్పుడున్న రాజసం ఆ సంచికల్లో నాకు కనబడదు.

అతనికి ఇల్లు తిరిగి దొరికింది 1973లో. జంగిల్ యాక్షన్ అనే పత్రికలో అప్పటిదాకా తెల్ల హీరోల పాత అడవి కథలే మళ్ళీ మళ్ళీ వేసేవారు. వాటి ప్రూఫులు చూసే కుర్ర ఉద్యోగి డాన్ మెక్‌గ్రెగర్‌కి ఆఫ్రికా కథలో ఆఫ్రికావాడు హీరో కాకపోవడం మింగుడు పడలేదు. 6వ సంచిక నుంచి పాంథర్ కథ అతని చేతికొచ్చింది. ‘పాంథర్స్ రేజ్’ అనే ఆ సుదీర్ఘ కథ దాదాపు మొత్తం వకాండాలోనే జరుగుతుంది. కిల్‌మాంగర్ అనే తిరుగుబాటుదారు పుట్టింది కూడా అందులోనే. తెల్లవాళ్ళేరీ అని ఆఫీసులో అడిగేవారని మెక్‌గ్రెగర్ తర్వాత చెప్పుకున్నాడు. కొన్ని సంచికలయ్యాక బొమ్మలు బిల్లీ గ్రాహమ్ అనే నల్లజాతి చిత్రకారుడి చేతికి వచ్చాయి.

నా దగ్గరున్న సంపుటాల్లో దీన్ని తెరిచినన్ని సార్లు దేన్నీ తెరవలేదు. సేనాని వకాబీకి ఇంట్లో భార్యతో పడదు, రాజు కోసం తిరిగి తిరిగి కాపురం చెడగొట్టుకుంటాడు. టాకూ మెత్తటి మనిషి, బందీగా దొరికిన శత్రువుతో కూడా కూర్చుని మాట్లాడతాడు. రాజు అమెరికా నుంచి తెచ్చుకున్న మోనికాని ఊళ్ళోవాళ్ళు అనుమానంగా చూస్తారు. నల్లజాతి పిల్లే అయినా వాళ్ళకి పరాయిదే. గ్రాహమ్ గీసిన పాంథర్‌కి దెబ్బలు తగులుతాయి, బట్టలు చిరుగుతాయి, ఆ చిరుగు తర్వాతి పేజీలో కూడా అలాగే ఉంటుంది. మోకాళ్ళ మీద మంచులో పాకుతున్న రాజుని చూస్తే పోస్టర్ మీది వీరుడు గుర్తురాడు, అలిసిపోయిన మనిషి కనిపిస్తాడు. లోపం కూడా చెప్పాలి. మెక్‌గ్రెగర్‌కి మాటలు ఎక్కువ. కొన్ని పేజీల్లో వ్యాఖ్యానం పెట్టెలు బొమ్మని కప్పేస్తాయి. మొదటిసారి మూడు సంచికలు దాటలేక మూసేశాను. రోజుకి ఒక్క సంచిక చొప్పున, నిదానంగా చదివితేనే పడుతుంది. తర్వాత వచ్చిన కథలో శత్రువు కూ క్లక్స్ క్లాన్, నల్లజాతివాళ్ళ మీద దాడులు చేసే తెల్లవాళ్ళ ముఠా. అందులో పాంథర్‌ని మండుతున్న శిలువకి కట్టేస్తారు. ఆ కథ తేలకముందే 1976లో 24వ సంచికతో పత్రిక ఆగిపోయింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇక ల్యూక్ కేజ్. 1972లో మార్వెల్ అనే పెద్ద కామిక్స్ కంపెనీలో సొంత పేరుతో పత్రిక దొరికిన మొదటి నల్లజాతి హీరో. చేయని నేరానికి జైలు, జైల్లో ఖైదీల మీద చేసే వైద్య ప్రయోగం, దాన్ని పాడుచేయాలని చూసిన కాపలాదారు, ఆ పాడవడం వల్లనే వచ్చిన బలం. అదే ఏడాది జులైలో టస్కీగీ సంగతి పత్రికలకెక్కింది. అలబామాలో వందలమంది నల్లజాతి మగవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ, 1932 నుంచి నలభై ఏళ్ళు వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్న ప్రభుత్వ అధ్యయనం అది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ మొదటి సంచిక బరువు వేరుగా ఉంటుంది.

కేజ్ యాసని రాసింది తెల్ల రచయితలు. అది కొన్నిచోట్ల చెవికి గుచ్చుకుంటుంది. బూతు రాయడానికి వీల్లేక పెట్టిన ‘స్వీట్ క్రిస్మస్’ అనే ఊతపదం మాత్రం నాకు ఇష్టం. అన్నిటికంటే ఇష్టమైనది 1973 నాటి 9వ సంచిక. డాక్టర్ డూమ్ అనే విలన్ పని చేయించుకుని రెండు వందల డాలర్లు ఎగ్గొట్టి తన దేశం వెళ్ళిపోతాడు. కేజ్ రాకెట్ అప్పు తీసుకుని యూరప్ దాకా వెళ్ళి, కోటలో జొరబడి, ఆ రెండు వందలు వసూలు చేసుకొస్తాడు. లోకాన్ని కాపాడటం కాదు, కష్టపడ్డ డబ్బు కోసం. పని చేయించుకుని జీతం ఆపినవాళ్ళని చూసిన ప్రతివాడికీ ఆ కోపం తెలుసు.

ఫాల్కన్ విషయంలో మాత్రం నాకు కడుపు మండుతుంది. కెప్టెన్ అమెరికా పక్కన 1969లో వచ్చిన ఈ హీరో అసలు పేరు సామ్ విల్సన్, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట అయిన హార్లెంలో నలుగురికీ సాయం చేసే సోషల్ వర్కర్. ఆరేళ్ళ తర్వాత, కెప్టెన్ అమెరికా 186వ సంచికలో, ఆ మంచి మనిషి అంతా విలన్ కాస్మిక్ క్యూబ్ అనే వస్తువు శక్తితో తయారు చేసిన వేషమనీ, అసలు వాడు ‘స్నాప్’ అనే నేరగాడనీ తేల్చేశారు. చుట్టూ అలాంటి మంచివాళ్ళు ఇంకో పదిమంది ఉండి ఉంటే అది ఒక పాత్రకి పట్టిన గతి అయ్యేది. ఆనాటికి ఉన్నదే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఎక్స్‌మెన్ జట్టులోని స్టార్మ్ 1975లో వచ్చింది, గొప్ప పాత్ర. కానీ ఏళ్ళ తరబడి ఆమెకి మనసు విప్పడానికి మరో నల్లజాతి ఆడది పక్కన లేదు.

మైల్‌స్టోన్ గురించి చెప్పడానికే నిజానికి ఇదంతా మొదలుపెట్టాను. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైఖేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లజాతివాళ్ళు సొంత కంపెనీ పెట్టి, డీసీ అనే పెద్ద కామిక్స్ కంపెనీ ద్వారా పత్రికలు తెచ్చారు. అంతకుముందు మార్వెల్‌లో పనిచేసినప్పుడు, నల్లజాతి కుర్ర హీరో అంటే చాలు స్కేట్‌బోర్డు ఎక్కిస్తున్నారని విసుగెత్తి, మెక్‌డఫీ ఉత్తుత్తి కథా ప్రతిపాదన రాసి పై వాళ్ళకి పంపాడు. ఒక్కడితో పని జరగదని అతనికి బాగా తెలుసు. అందుకే ఒక్క హీరోని కాదు, డకోటా అనే నగరాన్నే కట్టారు. హార్డ్‌వేర్, స్టాటిక్, బ్లడ్ సిండికేట్, ఐకాన్. ఒక ఇంజనీరు, ఒక బడిపిల్లాడు, ఒక గుంపు, ఒక వకీలు.

ఐకాన్ కథ వినండి. 1839లో అమెరికా దక్షిణాన పత్తి చేలో ఆకాశం నుంచి ఒక పడవ పడుతుంది. అందులోని గ్రహాంతరవాసి మొదట చూసిన మనిషి రూపం తీసుకుంటాడు. ఆ మనిషి మిరియం అనే బానిస స్త్రీ. ఆమె బిడ్డగా, బానిసగా పెరిగి, వందేళ్ళు దాటినా చావకుండా, 1990ల నాటికి అగస్టస్ ఫ్రీమన్ అనే డబ్బున్న వకీలవుతాడు. ఎవరి కష్టం వాళ్ళే తీర్చుకోవాలని నమ్మే మనిషి. అతని ఇంట్లో దొంగతనానికి వచ్చిన కుర్రాళ్ళ వెంట రాకెల్ అనే పేదవాడ పిల్ల ఉంటుంది. అతని శక్తి చూసి ఊరుకోదు. తర్వాత తిరిగొచ్చి, ఇంత బలం పెట్టుకుని ఇంట్లో కూర్చుంటావా అని నిలదీస్తుంది. ఇద్దరూ కలిసి మొదటిసారి సాయానికి ఎగిరి వెళ్తే ఎదురొచ్చేది పోలీసుల తుపాకులు. ఆయనకి ఆశ్చర్యం, ఆ పిల్లకి ముందే తెలుసు. ఆ పేజీలో ఇద్దరి ముఖాలూ చూడండి. తరతరాల తేడా అంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత రాకెల్ గర్భవతి అవుతుంది. ఉంచుకోవాలా వద్దా అని సంచికల తరబడి నలిగిపోతుంది. ఉంచుకుంటుంది, బిడ్డకి అమిస్టాడ్ అని పేరు పెడుతుంది. 1839లోనే తిరగబడ్డ బానిసల ఓడ పేరది. మళ్ళీ వచ్చి ఎగురుతుంది. ఐకాన్, రాకెల్ రాజకీయాల్లో ఒక్క విషయం మీద కూడా కలవరు, ఇద్దరూ నల్లవాళ్ళే, ఇద్దరి మాటా వినబుద్ధేస్తుంది. రంగుల సంగతి కూడా చెప్పాలి. పాత అచ్చులో నల్లవాళ్ళందరికీ ఒకటే గోధుమ రంగు, ఒక్కోసారి బూడిద రంగు. మైల్‌స్టోన్‌లో నీటిరంగుల్లా అద్దారు. ఒకరిది చింతగింజ రంగు, ఒకరిది తేనె రంగు. మా ఇంట్లో అన్నదమ్ములం నలుగురం నాలుగు రంగులు, అందుకే అది నా కంటికి వెంటనే తగిలింది. 1997లో ఈ పత్రికలు ఆగిపోయాయి, 2011లో మెక్‌డఫీ పోయాడు. 2022లో ఒక పెద్ద సంపుటంగా మళ్ళీ వేశారు, వెయ్యి పేజీలకి పైనే. పడుకుని చదవలేరు, బల్ల మీద పెట్టుకోవాల్సిందే.

మా ఊరి పిల్ల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 2014లో కమలా ఖాన్ మిజ్ మార్వెల్‌గా సొంత పత్రికలో వచ్చింది. రాసింది జి. విల్లో విల్సన్. పాకిస్తానీ అమ్మానాన్నల కూతురు, ఉండేది జెర్సీ సిటీ. మొదటి పేజీలోనే దుకాణంలో పంది మాంసం వాసన చూస్తూ నిలబడుతుంది, తినదు, వాసన మాత్రం చూస్తుంది. న్యూఆర్క్ అవెన్యూలో మిర్చి బజ్జీ తింటూ పెరిగిన మన పిల్లలకి బడి క్యాంటీన్‌లో ఇలాంటివి రోజూ ఉండేవే. శక్తి వచ్చిన మొదటి రాత్రి ఆమె తనకి తెలియకుండానే తెల్లటి, బంగారు జుట్టు అమ్మాయిగా మారిపోతుంది. అనుకున్నంత హాయిగా ఉండదు. ఆ ఘట్టం దగ్గర నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. ఫెయిర్‌నెస్ క్రీము రాసుకున్న రోజులు గుర్తొచ్చాయి. నాన్న, అమ్మ, నమాజు వదలని అన్న, స్నేహితురాలు నకియా అందరూ ముస్లింలే, ఒక్కరూ ఇంకొకరిలా ఉండరు.

దీనికి ఎదురుగా 2004 నాటి స్పైడర్‌మ్యాన్ ఇండియా పెట్టి చూడండి. ముంబయి, పవిత్ర్ ప్రభాకర్, పంచె కట్టిన సాలీడు. జీవన్ కాంగ్ బొమ్మలు బాగున్నాయి. కానీ పీటర్‌ని పవిత్ర్ చేసి, మేరీ జేన్‌ని మీరా జైన్ చేసినంత మాత్రాన ఊరు రాదు. నాలుగు సంచికలు చదివాక ఆ పిల్లాడి పక్కింట్లో ఎవరుంటారో నాకు తెలియలేదు. మనవాడే అయినా సరే, ఆ మాట దాచను.

2003లో వచ్చిన ‘ట్రూత్’ని ఒక్కసారే చదివాను, మళ్ళీ తెరవలేకపోయాను. కెప్టెన్ అమెరికాకి బలం ఇచ్చిన మందుని మూడొందలమంది నల్లజాతి సైనికుల మీద ప్రయోగిస్తారు. మిగిలినవాడు ఐజయా బ్రాడ్లీ. చివర్లో అతని ఇంటి గోడ చూపిస్తారు. నల్లజాతి పెద్దలు ఎందరో వచ్చి అతనితో దిగిన ఫోటోలు గోడ నిండా. దేశం మరిచిపోయింది, వాళ్ళు మరిచిపోలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఐకాన్ మొదటి సంచికే ఇస్తాను. ఆరు నెలల కిందట మా అపార్ట్‌మెంట్‌లో ఉండే గుంటూరువాళ్ళ అబ్బాయికి ఇచ్చాను, పదమూడేళ్ళవాడు. మూడు వారాలయ్యాక లిఫ్ట్‌లో కనిపించాడు. ఐకాన్ ఎంత బలవంతుడో అడుగుతాడనుకున్నాను.

“అంకుల్, రాకెల్ ఎగిరిపోతే ఆ బాబుని ఎవరు చూసుకుంటారు?” అన్నాడు.