సంక్రాంతికి బాలి ప్యాకేజీ కొంటున్నారా? ఏ తీరమో, ఏ నెలో ముందు అడగండి

విజయవాడలో సంక్రాంతి సెలవుల ప్యాకేజీలు అమ్మే కాలం మళ్లీ వచ్చింది. నిన్న బందరు రోడ్డులో వెళుతుంటే అదే ఫ్లెక్సీ కనిపించింది. అదే తెల్లటి ఇసుక, అదే వంగిన కొబ్బరిచెట్టు, కింద ఎర్రటి అక్షరాలతో ‘బాలి: ఏడు రోజులు, ఏడు బీచ్‌లు, అన్నీ కలిపి’. గత సంక్రాంతికి ఆ ఫ్లెక్సీని నమ్మి నలుగురికి 3,40,000 రూపాయలు కట్టినదాన్ని నేను. ఈసారి కట్టబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి.

నాది మందుల దుకాణం. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడకుండా ఒక్క స్ట్రిప్పు కూడా అరలో పెట్టను. అలాంటి నేను నున్నటి కాగితం మీద ఫోటోలు చూసి సంతకం పెట్టాను. మోసం వాళ్లదే, కానీ సిగ్గు మాత్రం నాది. మా వారు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంటారు.

బ్రోచర్‌లో ఉన్న ఏడు పేర్లు ఇవి: కుటా, సెమిన్యాక్, తానా లోట్, ఉలువాటు, లోవినా, కెలింగ్‌కింగ్, నుసా దువా. అన్నీ కొత్త పేర్లు. వాటిలో తానా లోట్ అంటే సముద్రంలో ఒక రాతి మీద కట్టిన గుడి. ఉలువాటు అంటే దాదాపు డెబ్బై మీటర్ల ఎత్తు కొండ అంచున మరో గుడి. రెండూ తప్పకుండా చూడవలసినవే, కాదనను. కానీ స్నానానికని తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు సంచిలో పెట్టుకుని గుడికి వెళ్లిన కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది. ఏడులో రెండు అక్కడే పోయాయి.

మొదటి రోజు తెల్లవారుజామున అత్తయ్యను తీసుకుని కుటా తీరానికి నడిచాం. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, సూర్యలంకలో స్నానం చేసినట్టే ఇక్కడా చేయాలని ముచ్చట. తీరానికి చేరేసరికి ఇసుక కనిపించలేదు. ప్లాస్టిక్ గ్లాసులు, నూడుల్స్ కవర్లు, తెగిన చెప్పులు, వెదురు ముక్కలు, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్ల మొద్దులు మోకాలి ఎత్తున వరుస కట్టి ఉన్నాయి. మునిసిపాలిటీ వాళ్లు ట్రాక్టర్లతో ఎత్తుతున్నారు. ఎత్తిన చోటే మరో అల ఇంకొంత తెచ్చి పోస్తోంది. వరద తగ్గాక ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుర్రపుడెక్క పేరుకున్నట్టుంది ఆ దృశ్యం, పచ్చదనం ఒక్కటే తక్కువ. అత్తయ్య చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కాసేపు నిలబడి, ‘అమ్మాయ్, కృష్ణలో మునిగినా పుణ్యం వచ్చేది కదే’ అన్నారు.

ఇది ఆ ఒక్క రోజు దురదృష్టం కాదు. ఏటా జరిగేదే. డిసెంబరు నుంచి మార్చి దాకా బాలిలో వానాకాలం. అప్పుడు గాలి పడమటి నుంచి వీస్తుంది. బాలి నదులు కడిగి తెచ్చిన చెత్త, పక్కనున్న జావా ద్వీపం వైపు నుంచి తేలి వచ్చే కొంత చెత్త, అంతా పడమటి తీరానికే చేరుతుంది. కుటా, లెగియాన్, సెమిన్యాక్, జింబారన్ అన్నీ ఆ వైపువే. అదే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అయితే పొడి కాలం, గాలి తూర్పు నుంచి తిరుగుతుంది, ఇదే కుటా శుభ్రంగా ఉంటుంది. అంటే మన వేసవి సెలవులకు, దసరాకు బాగుండే తీరాన్ని మనకు సంక్రాంతికి అంటగడుతున్నారు. ఆ వ్యాపారంలో ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఇది తెలియదంటే నేను నమ్మను. ఆ నెలల్లో ఆ వైపు హోటళ్లు చవకగా దొరుకుతాయి, అదీ సంగతి.

ఇక ఇసుక రంగు. బాలి అగ్నిపర్వతాల ద్వీపం. అగుంగ్ పర్వతం మూడు వేల మీటర్లకు పైబడి ఉంటుంది, 1963లో పెద్ద ఎత్తున పేలింది, 2017లోనూ బూడిద కక్కి విమానాలను ఆపింది. దాని పక్కనే బతూర్. ఈ పర్వతాల రాయి అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో కలిసే చోట ఇసుక నల్లగా ఉంటుంది. ఉత్తరాన లోవినా, తూర్పున ఆమెద్, తులాంబెన్, పడమట తబనాన్ తీరం ఇలాంటివే. దక్షిణ కొసన వేలాడుతున్నట్టుండే బుకిత్ అనే భాగం మాత్రం వేరు. అది సున్నపురాయి నేల, ఒకప్పటి పగడపు దిబ్బలు పైకి లేచి ఏర్పడింది. అందుకే పాదాంగ్ పాదాంగ్, మెలస్తి, పండవ, నుసా దువా తీరాల్లో తెల్ల ఇసుక. ఎదురుగా ఉన్న నుసా పెనిడా ద్వీపమూ సున్నపురాయే. తూర్పున నల్ల తీరాల మధ్య అక్కడక్కడా పగడాలు అరిగి తెల్ల ఇసుక పట్టిన చోట్లున్నాయి గానీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే బ్రోచర్ అబద్ధం టేబుల్ దగ్గరే పట్టుకునేదాన్ని. లోవినా అని పేరు వేసి పాల నురుగు లాంటి ఇసుక ఫోటో పెట్టారు. మూడు గంటలు కొండదారిలో కారులో వెళ్లి దిగితే బొగ్గు పొడి రంగు ఇసుక. మా చిన్నవాడు ‘ఇది తప్పు బీచ్ అమ్మా’ అని ఏడుపు మొదలుపెట్టాడు.

నల్ల ఇసుక చెడ్డదని నేను అనడం లేదు, ఇది గమనించండి. ఆ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన చోటు నల్ల ఇసుక తీరమే, అది బ్రోచర్‌లో లేనే లేదు. నాలుగో రోజు మా మొహాలు చూడలేక డ్రైవరు తనంతట తాను కుసాంబా అనే పల్లె తీరానికి తీసుకెళ్లాడు. అక్కడ ఉప్పు చేస్తారు. నల్ల ఇసుకను చదును చేసి, కావడితో సముద్రపు నీళ్లు తెచ్చి చల్లుతారు. ఎండాక ఆ ఇసుకను గోకి తీసి వడకట్టి, దిగిన చిక్కటి ఉప్పునీటిని సగానికి చీల్చి తొలిచిన కొబ్బరి మొద్దుల్లో పోసి ఎండబెడతారు. వానల వల్ల ఆ రోజు పని లేదు, మొద్దులు బోర్లించి ఉన్నాయి. అత్తయ్య పుట్టిల్లు చినగంజాం. ఉప్పు మడుల మధ్య పెరిగిన మనిషి ఆ మొద్దులను తట్టి, లోపల వేలితో రాసి, నాలుకకు అంటించుకుని చూశారు. ఆ పల్లెలోని ముసలావిడతో భాష రాకుండానే అరగంట మాట్లాడారు.

అక్కడే ఇంకో సంగతి. కుటాలో కొన్న ఫ్రిజ్ అయస్కాంతం, గరుత్మంతుడి బొమ్మది, చిన్నవాడి చేతిలోంచి ఇసుకలో పడింది. తీసి చూస్తే వెనకంతా గడ్డం మొలిచినట్టు నల్లటి రజను నిలువుగా అంటుకుని ఉంది. ఆ ఇసుకలో ఇనుప ఖనిజం ఉంటుందట. వాడు ఏడుపు మరిచి సాయంత్రం దాకా తీరమంతా గరుత్మంతుడితో దున్నాడు. మధ్యాహ్నం మాత్రం ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నడవకండి, తెల్ల ఇసుక కంటే బాగా కాలుతుంది. మా వారు నడిచి చూశారు.

కెలింగ్‌కింగ్ సంగతి చెబితే కోపం వస్తుంది. బ్రోచర్‌లో ‘కెలింగ్‌కింగ్ బీచ్‌లో స్నానం’ అని స్పష్టంగా అచ్చు వేశారు. అది నుసా పెనిడాలో ఉంది, సనూర్ నుంచి పడవలో వెళ్లాలి. జనవరి సముద్రంలో ఆ పడవ ఎగిరిన ఎగురుడుకు అత్తయ్యకు వాంతులు. తీరా చేరాక తెలిసింది, అది కొండ అంచు నుంచి చూసే చోటు. కిందికి వెళ్లాలంటే నిట్టనిలువు మెట్లు, పక్కన కర్రల చేపట్టు. కష్టపడి దిగినా అక్కడి అలలు మనుషులను లాక్కుపోతాయి, ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి. పై నుంచి చూస్తే మాత్రం ఆ కొండ రాక్షస బల్లి నీళ్లు తాగుతున్నట్టుంటుంది, అద్భుతం. కానీ పెద్దవాళ్లను, పిల్లలను స్నానమని చెప్పి అక్కడికి తోలడం ఏమిటి? నుసా దువా కూడా అంతే. నుసా దువా అని చెప్పి పక్కనున్న తంజుంగ్ బెనోవాలో నీటి ఆటల కౌంటరు ముందు దించారు. డబ్బు కట్టి పారాచూట్ ఎక్కితే ఎక్కండి, లేకపోతే బల్ల మీద కూర్చోండి. నలభై నిమిషాలు కూర్చున్నాం.

మరి సంక్రాంతికి వెళితే ఎక్కడికి వెళ్లాలి? మా డ్రైవరు చెప్పింది, మేము చూసింది రాస్తున్నాను. తూర్పు వైపున్న సనూర్. ఒడ్డుకు కొంత దూరంలో పగడపు దిబ్బ అడ్డంగా ఉండి అలలను అక్కడే విరిచేస్తుంది. లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. అత్తయ్య అక్కడ నడుము లోతు నీళ్లలో గంటసేపు కూర్చున్నారు, సూర్యోదయం ఎదురుగా. అయితే పోటు సమయం చూసుకుని వెళ్లాలి. ముందురోజు మేము ఆటు మీద వెళితే నీళ్లు వెనక్కి పోయి నాచు, పగడపు రాళ్లే మిగిలాయి. పోటు రోజూ దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కనుక నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. హోటల్లో అడిగితే చెబుతారు.

రెండోది పండవ. సున్నపురాయి కొండను నిలువునా కోసి దారి వేశారు, కారు తీరం దాకా దిగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మెట్ల బాధ లేదు. దారి పక్క కొండలో గూళ్లు తొలిచి కుంతీదేవిని, పాండవులు అయిదుగురినీ నిలబెట్టారు. అత్తయ్య కారు ఆపించి ఒక్కొక్కరికీ దండం పెట్టి, నకులుడెవరో సహదేవుడెవరో తేలక డ్రైవరును నిలదీశారు. పాదాంగ్ పాదాంగ్ అందంగా ఉంటుందంటారు గానీ రాతి సందులోంచి ఇరుకు మెట్లు దిగాలి, మేము వెళ్లలేదు. ఎక్కడైనా సరే ఎర్ర జెండా ఉంటే నీళ్లలో దిగకండి. ఎరుపు పసుపు జెండాలుంటే వాటి మధ్యనే ఉండండి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. ‘అన్నీ కలిపి’ అన్నారు గదా, విమానాశ్రయంలో దిగాక వీసాకు మనిషికి 5,00,000 రుపియా (ఇండోనేషియా డబ్బు), 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటకుల దగ్గర వసూలు చేస్తున్న రుసుము మరో 1,50,000 రుపియా మేమే కట్టుకున్నాం. నలుగురికీ 26 లక్షలు అనేసరికి అత్తయ్య కుర్చీ వెతుక్కున్నారు. మన డబ్బులో పద్నాలుగు వేలకు దగ్గర. మరొకటి, విదేశీ ప్యాకేజీ మీద టి.సి.ఎస్. పేరుతో పన్ను (అమ్మేవాళ్లే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది మీ పాన్ ఖాతాకు జమ కావాలి, ఆదాయపు పన్ను శాఖ చూపించే మీ పన్ను జమల పట్టికలో కనిపించాలి. మా దగ్గర తీసుకున్నారు, నెలల తరబడి కనిపించలేదు. మా ఆడిటరు మూడుసార్లు ఫోను చేశాక జమ అయింది. బిల్లులో ఆ పద్దు విడిగా రాయించుకోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక కాగితం మీద ఇవి రాయించుకుని ముద్ర వేయించుకోండి: ప్రతి తీరం పేరు, అది ద్వీపంలో ఏ దిక్కున ఉంది, మీరు వెళ్లే నెలలో అక్కడ స్నానం చేయవచ్చా, ఎన్ని మెట్లు దిగాలి, అక్కడ ఎంతసేపు ఆపుతారు, హోటల్ నుంచి ఎంత దూరం. ఫోటో కింద ఉన్న పేరు ఆ ఫోటోదేనా అని నిలబెట్టి అడగండి. ‘అవన్నీ అక్కడికి వెళ్లాక చూసుకుందాం మేడమ్’ అని నవ్వితే లేచి వచ్చేయండి. నాతో సరిగ్గా ఆ మాటే అన్నారు, నేను లేవలేదు.

తిరిగి వచ్చాక వెళ్లి అడిగితే, తదుపరి టూరులో అయిదు వేలు తగ్గిస్తామన్నారు. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేశాను. ఫిర్యాదు నమోదు చేసుకున్నారు, సంస్థ జవాబివ్వలేదు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంది, చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. బ్రోచరు, రసీదులు, వాట్సాప్ సందేశాలు, తేదీతో సహా తీసిన కుటా చెత్త ఫోటోలు అన్నీ ఉన్నాయి. మీరూ బ్రోచరు పారేయకండి, అదే ముఖ్యమైన సాక్ష్యం.

లాయరు నోటీసు అందిన మర్నాడు ఆ సంస్థ నుంచి ఒక అబ్బాయి ఫోను చేశాడు. నోటీసు గురించేమో అనుకున్నాను. పాపం అతనికి ఆ సంగతే తెలియదు, పాత కస్టమర్ల జాబితా చూసి చేస్తున్నాడట. ‘మేడమ్, ఈ సంక్రాంతికి మారిషస్ వేయమంటారా, అదీ అగ్నిపర్వతాల ద్వీపమే, బీచ్‌లన్నీ తెల్లగా ఉంటాయి’ అన్నాడు. జనవరిలో అక్కడ వాతావరణం ఎలా ఉంటుందని అడిగాను. బ్రహ్మాండంగా ఉంటుందన్నాడు. జనవరి నుంచి మార్చి దాకా మారిషస్‌లో తుపానులు ఎక్కువగా వచ్చే కాలం.