హైస్కూల్ పిల్లలకు మానసిక ఆరోగ్య పరిశోధన పరిచయం: ఉపన్యాసమా, సర్వేనా, ఉన్న డేటానా?

చాలా స్కూళ్లు మొదట చేసే పని ఎవరో ఒక సైకాలజిస్టును పిలిచి గంటసేపు మాట్లాడించడం. సులువే, కాదనను. కానీ ఆ గంటలో పిల్లలకు అందేది పరిశోధన ఫలితాలే, పరిశోధన కాదు. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉందన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా స్లైడ్ మీద పడుతుంది, అందరూ రాసుకుంటారు, ఎవర్ని అడిగి ఎలా లెక్కగట్టారని ఒక్కరూ అడగరు.

రెండోది, పిల్లల చేతే సర్వే చేయించడం. ఇది అందరికీ నచ్చుతుంది, సైన్స్ ఫెయిర్‌లో చార్టు బాగా కనిపిస్తుంది కదా! నాకు మాత్రం దీని దగ్గరే భయం. డిప్రెషన్ తీవ్రత చూసే పీహెచ్‌క్యూ-9 ఫారం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27, కూడికలు వస్తే చాలు. చిక్కంతా చివరి ప్రశ్నతో: చచ్చిపోతే బాగుండనిగానీ, తమకు తాము హాని చేసుకోవాలనిగానీ అనిపించిందా అని. పక్క బెంచీ అమ్మాయి దానికి 'దాదాపు రోజూ' అని టిక్ పెడితే, ఆ కాగితం చేతిలో ఉన్న పదిహేనేళ్ల పిల్లాడు ఏం చేయాలి? చెప్తే రహస్యంగా ఉంచుతానని ఇచ్చిన మాట తప్పినట్టు, చెప్పకపోతే అంతకంటే ఘోరం. పేర్లు రాయించలేదంటారు గానీ, ఒక్క క్లాసులో ఎవరు ఏ కాగితం ఇచ్చారో కనిపెట్టడం ఎంతసేపు? అసలు పరిశోధనల్లో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ, తల్లిదండ్రుల అనుమతి, ప్రమాదం కనిపిస్తే ఎవరికి చెప్పాలన్న ఏర్పాటు ముందే ఉండేది ఇందుకే. వెంటనే సాయం అందించే వీలులేని చోట ఆ ప్రశ్న తీసేసిన పీహెచ్‌క్యూ-8 వాడతారు. సర్వే తప్పదనుకుంటే నిద్ర గంటల గురించి అడిగించండి, చాలు.

నా ఓటు మూడోదానికి: ఇప్పటికే ఉన్న డేటా పిల్లల చేతికివ్వడం. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1991 నుంచి హైస్కూల్ విద్యార్థుల మీద రెండేళ్లకోసారి చేస్తున్న సర్వే డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అందులో పేర్లుండవు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులిద్దరు ఇలాంటి పెద్ద డేటాలే తీసుకుని, మూడున్నర లక్షల మందికి పైగా టీనేజర్ల సమాధానాలను రకరకాలుగా విశ్లేషిస్తే, టీనేజర్ల మానసిక స్థితిలోని తేడాల్లో ఫోన్లు, స్క్రీన్ల వాడకంతో ముడిపడేది మహా అయితే 0.4 శాతమని తేలింది. దీని మీద ఇంకా వాదనలు నడుస్తూనే ఉన్నాయి, అదీ మంచిదే. ఒకే డేటాను రెండు రకాలుగా లెక్కగడితే రెండు జవాబులొస్తాయని పిల్లలు స్వయంగా చూస్తారు, ఇంట్లో ఫోన్ గొడవలకూ పనికొస్తుంది!

కష్టం లేదని కాదు. స్ప్రెడ్‌షీట్ చూడగానే సగం మంది నీరుగారిపోతారు, పక్కన కూర్చుని చెప్పే టీచర్ లేకపోతే రెండో వారానికే మూలపడుతుంది. అలాంటి వాళ్లకు ఒక్క పరిశోధన పేపరు చదివించండి. స్కూల్లో మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యానంలా, ఈ క్షణం మీదే మనసు నిలపడం) నేర్పితే మేలు జరుగుతుందా అని బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి, మామూలు పాఠాల కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని. అంత బాగుంటుందనుకున్నది ఎందుకు పనిచేయలేదో క్లాసులో వాదించుకోనివ్వండి.

పరిశోధన ఎలా చేయాలో పిల్లల్నే సలహా అడిగే యువ సలహా బృందాలు కొందరు పరిశోధకులకు ఉంటాయి, అందులో చోటు దొరికితే వదలొద్దు, అయితే అది కొద్దిమందికే.

ఇక ఆ సైకాలజిస్టును పిలవాలనే ఉంటే, ఇదంతా అయ్యాక పిలవండి. అప్పుడు గంట సరిపోదు.