జాగ్రత్త: విజయనగరంలో ‘1983 జట్టు సంతకాల బ్యాట్’ అమ్ముతున్నారు, కొనకండి

అమ్మేవాడి పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పాత నాణేలు, స్టాంపులు, క్రికెట్ సామాన్లు కొనేవాళ్లకి ఆయనెవరో తెలుసు. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెడతాడు, గంటస్తంభం దగ్గరకి రమ్మంటాడు, సరుకు చేతికిచ్చి ఫోన్‌పేలో డబ్బు వేయించుకుంటాడు. ఆమదాలవలస మేస్టారొకరికి నిన్న అలాగే ఒక నకిలీ బ్యాట్ అంటగట్టాడు. 38 వేలు. రిటైరైన పీఈటీ మేస్టారి పింఛను డబ్బు అది.

బ్యాట్ మీద కపిల్ దేవ్ నుంచి సునీల్ వాల్సన్ దాకా 14 మంది సంతకాలు. తోడుగా ఒక సర్టిఫికెట్, దాని మీద మెరిసే హోలోగ్రామ్. ప్రపంచ కప్ గెలిచి 40 ఏళ్లయిన సందర్భంగా 2023 జూన్‌లో జట్టంతా కూర్చుని పెట్టిన సంతకాలని అందులో అచ్చేశారు. యశ్‌పాల్ శర్మ 2021 జూలైలోనే చనిపోయారు. ఆయన సంతకం కూడా ఆ బ్యాట్ మీదుంది.

మేస్టారు ఫోన్ చేసి ఇదే అడిగితే ఆ మనిషి తడుముకోనైనా లేదు. “అయితే 2008లో పెట్టుంటారు, పాతికేళ్ల ఫంక్షన్‌లో. అది అచ్చుతప్పు” అన్నాడు. సర్టిఫికెట్ తప్పని ఒప్పుకున్న ఆ నోటితోనే “సర్టిఫికెట్ ఉంది కదా, ఇంకేటి కావాల?” అన్నాడు. డబ్బు తిరిగిమ్మంటే “పిల్లల ముందు విజిల్ ఊదుకునేవోడివి, నీకేటి తెలుసు ఆటోగ్రాఫుల సంగతి” అని ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. జీవితమంతా గ్రౌండులో ఎండకి నిలబడి పిల్లల్ని తయారుచేసిన మనిషిని అనే మాటేనా అది?

సరే, ఆ బ్యాట్ సంగతికొద్దాం. కంసాలి వాడే 10 రెట్ల లెన్స్ పెట్టి చూస్తే 14 సంతకాలూ ఒకే చేతివని తెలిసిపోతుంది. అన్నీ ఒకే వాలుతో, ఒకే ఒత్తిడితో ఉన్నాయి. మనిషి తన సంతకం తాను పెట్టేటప్పుడు చెయ్యి ఆగదు. పెన్ను కదులుతూనే చెక్కని తాకుతుంది, కదులుతూనే పైకి లేస్తుంది, అందుకే గీత కొసలు సన్నబడతాయి. చూసి గీసేవాడు ఆగి ఆగి గీస్తాడు కాబట్టి కొసలు మొద్దుగా ఉంటాయి. ఆగిన చోటల్లా మార్కర్ సిరా ఊరి చిన్న చుక్క కడుతుంది, వంపుల్లో వణుకు కనిపిస్తుంది. ఈ బ్యాట్ మీద ఆ చుక్కలు అక్షరాల మధ్యలోనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, శ్రీకాంత్ సంతకం చివర సిరా గీత పక్కనే బూడిదరంగు గీత ఇంకోటుంది. వెలుతురుకి వాలుగా తిప్పితే మెరుస్తుంది. అది పెన్సిల్. ముందు పెన్సిల్‌తో దించుకుని, మీద మార్కర్ తిప్పాడన్నమాట. ఆ ఒక్కచోట తుడవడం మర్చిపోయాడు.

చేత్తో గీసిన నకిలీలు ఇలా దొరుకుతాయి. అచ్చువేసినవైతే ఇంకా తేలిక. ఫొటో మీద సంతకాన్ని లెన్స్‌లో చూస్తే గీత బదులు రంగు రంగుల చుక్కలు కనిపించాయంటే అది ప్రింటే. ఫొటోని దీపం కింద వాలుగా తిప్పి చూడండి. అసలు మార్కర్ సిరా నిగనిగల మీద విడిగా తేలుతుంది, మెరుపు తేడాగా ఉంటుంది. ప్రింటైతే ఫొటో అంతా ఒకే మెరుపు. రబ్బరు స్టాంపుతో వేస్తే సిరా అంచులకి నెట్టుకుపోయి అంచు ముదురుగా, మధ్య పలచగా ఉంటుంది. గీత మీద గీత దాటిన చోట కూడా చూడండి, చేత్తో పెట్టినదైతే అక్కడ సిరా రెండు పొరలై ముదురుతుంది. ఆటోపెన్‌తో, అంటే సంతకాన్ని చూసి పెన్నుతో గీసే మెషీన్‌తో పెట్టినదాన్ని పట్టడం కష్టం, ఎందుకంటే పెన్నూ నిజమే, సిరా కూడా నిజమే. గీత మందం మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది, మొదట్లో చివర్లో చుక్క పడుతుంది. అలాంటివి రెండు దొరికితే ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. అచ్చంగా అతికితే మెషీనే, ఏ మనిషీ రెండుసార్లు అచ్చంగా ఒకేలా పెట్టలేడు.

స్పిరిట్ రాసి చూడండి, పోకపోతే అసలుదే అని కొందరు చెబుతున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అసలు మార్కర్ సంతకమే చెరిగిపోతుంది, వార్నిష్ కింద అచ్చయిన నకిలీ చెక్కుచెదరదు.

సర్టిఫికెట్ అనేది ఇచ్చినవాడి మాట, అంతే. హోలోగ్రామ్‌లు రోల్ లెక్కన ఎవరైనా అచ్చేయించుకోవచ్చు. అమెరికాలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో 1990ల్లో పట్టుకున్న నకిలీ సంతకాల ముఠాలవాళ్లు కూడా సర్టిఫికెట్లు జతచేసే అమ్మారు. సంతకాలు పరీక్షించి ధ్రువీకరించే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి సంస్థల స్టిక్కర్ ఉంటే ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ చూపించే వస్తువూ మీ చేతిలో వస్తువూ ఒకటేనా అని చూసుకోవాలి. నంబరు నిజమైనదే అయినా వేరే వస్తువుది కావచ్చు.

తారీఖులు మాత్రం అస్సలు వదలొద్దు. కళ్లకంటే అవే ముందు పట్టిస్తాయి. 1983లో మనవాళ్లు ఆడింది తెల్ల బట్టల్లో. ప్రపంచ కప్‌లో రంగు జెర్సీలు 1992లోగానీ రాలేదు. కాబట్టి నీలం జెర్సీ చూపించి ‘ఫైనల్లో వేసుకున్నది’ అంటే అబద్ధమే. సచిన్ 2013లో రిటైరయ్యాడు, స్పాన్సర్ ఒప్పో పేరు టీమిండియా జెర్సీ మీదకి 2017లో వచ్చింది. ఆ జెర్సీ మీద ఆయన సంతకం ఉండొచ్చు, ఆయన మ్యాచ్‌లో వేసుకున్నదని మాత్రం అనలేరు.

మన ఊళ్లో విజ్జీ (అప్పటి ఇండియా కెప్టెన్, విజయనగరం మహారాజ్‌కుమార్) పేరు చెప్పి 1936 ఇంగ్లండ్ టూర్ సంతకాల కాగితాలు చూపిస్తే మరింత జాగ్రత్త పడాలి. బాల్‌పెన్ అమ్మకాలు జోరందుకున్నది 1945 తర్వాత. ఫౌంటెన్ పెన్ సిరా కాగితం పీచులోకి పాకుతుంది. బాల్‌పెన్ గాడి చేస్తుంది, వంపుల్లో జిడ్డు ముద్దలు వదులుతుంది. 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేసి చూడండి, 395వి వద్దు, వాటి ఊదా వెలుగే కళ్లకి అడ్డమొస్తుంది. కాగితం నీలంగా భగ్గుమంటే 1936ది కాదు. కాగితం తెల్లగా కనబడ్డానికి కలిపే మందే అలా మెరుస్తుంది, దాన్ని కలపడం 1950ల నుంచే మామూలైంది. మెరవకపోతే అసలుదని కూడా అనుకోకండి, పాత పుస్తకంలో ఖాళీ పేజీ చింపుకోవచ్చు. అప్పుడు పేర్లు చదవాలి. లాలా అమర్‌నాథ్‌ని విజ్జీ జూన్‌లోనే, మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపించేశారు. జూలై మాంచెస్టర్ టెస్టు కాగితం మీద అమర్‌నాథ్ సంతకం ఉంటే ఆలోచించండి. అప్పటి బౌలర్ అమర్ సింగ్ 1940లో పోయారు, ఆయన పేరు 1946 టూర్ కాగితం మీద ఉండడానికి వీల్లేదు.

కొనేముందు సంతకం దగ్గరి ఫొటో వాలు వెలుతురులో అడగండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు పెట్టారో, నకిలీ అని తేలితే డబ్బు వాపసిస్తానని కూడా బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి. మోసపోయినవాళ్లు చాట్ చెరపకుండా దాచి పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ ఫిర్యాదివ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, జిల్లా కమిషన్‌లో కేసు వెయ్యడానికి రెండేళ్ల గడువుంది. సరుకు చూడకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పంపి పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి.

ఈ పొద్దున ఆయన స్టేటస్‌లో ఇంకో బ్యాట్ పెట్టాడు, ఈసారి 42 వేలట. అవే 14 పేర్లు, అదే వరస. కిర్మానీ పేరు కింద బిన్నీ పేరు కూడా మేస్టారి బ్యాట్ మీద ఉన్నంత దూరంలోనే ఉంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి శనివారం తెస్తానంటున్నాడు. ఎవరూ అడ్వాన్సు వెయ్యకండి. ఇప్పటికే వేసినవాళ్లుంటే స్క్రీన్‌షాట్లు తీసి మేస్టారికి పంపండి, ఆయన సోమవారం ఫిర్యాదిస్తున్నారు.